చలామణికి రాని నాణెం చెప్పే చరిత్ర

ఓరుగల్లు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రైతుకు కావలసింది క్వింటాలుకు పలికిన ధర. చేతికొచ్చే డబ్బు మీద ఏ బొమ్మ ఉందన్నది అతనికి తర్వాతి మాట. కొత్త రాజ్యాలకు మాత్రం మొదటి చర్చ బొమ్మ మీదే వస్తుంది, అసలు చిక్కు లెక్క దగ్గర ఎదురవుతుంది. టంకశాలలు పరీక్షకు కొట్టి చూసుకునే నమూనా నాణేలే దీనికి సాక్ష్యం. 1792లో అమెరికా సెంటుకు దాని విలువకు తగినంత రాగి వాడాలనుకుంటే నాణెం మరీ పెద్దదైంది. అందుకని చిన్న రాగి బిళ్ల నడుమ వెండి ముక్క పొదిగి చూశారు. ఆ ఉపాయం చలామణికి రాలేదు, మరుసటి ఏడాది పెద్ద రాగి సెంటే వచ్చింది. మిగిలిన ఆ కొద్ది నమూనాలు లేకపోతే అంత తర్జనభర్జన జరిగిందని ఇవాళ నమ్మడం కష్టం.

జనం చేతికి రానిది చరిత్ర ఎలా అవుతుంది, అది సేకర్తల సరదా కాదా అని అడగవచ్చు. వేలంలో పలికే ధరే కొలమానమైతే ఆ విమర్శ సబబే. కానీ అరిగిన నాణెం జరిగినదాన్నే చెబుతుంది, జరగబోయి ఆగినదాన్ని నమూనా చెబుతుంది. రెండూ పక్కపక్కన పెడితేనే నిర్ణయం వెనుక కారణం కనిపిస్తుంది. బొమ్మ మారినంత సులువుగా లెక్క మారదన్నది మన ఓరుగల్లు అనుభవం కూడా. నిజాం రాజ్యపు నాణెమైన హాలీ సిక్కా మీది చార్మినార్ బొమ్మ వాకిట్లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ‘ఐన్’ అక్షరం ఉండేవి. పాలకుడు మారితే అక్షరం మారింది, రూపాయికి పదహారణాల లెక్క మారలేదు. 1950 ఆగస్టు 15న గణతంత్ర భారత నాణేలు వచ్చినప్పుడు బ్రిటిష్ రాజు తల స్థానంలో అశోకుడి సింహాలు, రూపాయి మీద పులి స్థానంలో ధాన్యపు కంకులు చేరాయి. అణాలు అలాగే నిలిచాయి. ఇక్కడ మాత్రం ఆరు కల్దారు (భారత ప్రభుత్వ) రూపాయలకు ఏడు హాలీ రూపాయలన్న మారకం లెక్క కొన్నాళ్లు అదనంగా మోయాల్సి వచ్చింది. నూరు పైసల పద్ధతి 1957 ఏప్రిల్ 1న గానీ రాలేదు. బొమ్మను టంకశాల మార్చగలదు, లెక్క మారాలంటే అంగడి ఒప్పుకోవాలి. 1957 తర్వాత కూడా నాలుగణాల ‘పావలా’ పేరు ఇరవై అయిదు పైసల బిళ్లకు అతుక్కునే ఉంది. ఆ బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. పదహారణాల తెలుగుదనం అనే మాట మాత్రం ఇప్పటికీ చెల్లుతూనే ఉంది.