గాజు తొట్టిలో ఆకలి

పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగమున, జపానుకు దక్షిణముననున్న ర్యూక్యూ దీవులు మొదలు ఆస్ట్రేలియా వరకు, పగడపు దిబ్బల సందులలో మాండరిన్ చేప నివసించును. దాని నిడివి సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. నీలి దేహముపై నారింజవన్నె గీతలు మెలికలు తిరిగి యుండును. వానిని చూచినవారికి పూర్వపు చీనా రాజోద్యోగుల పట్టు అంగీలు స్ఫురించినవి. ఆ ఉద్యోగులకు ఐరోపావారు పెట్టిన పేరే చేపకును వచ్చినది. మన ‘మంత్రి’ శబ్దమే మలయా భాష మీదుగా పోర్చుగీసువారి నోటబడి ‘మాండరిన్’ అయినదని తెలిసినపుడు ఈ చేప మనకు దూరపు చుట్టమే యనిపించును. 1927లో ఆల్బర్ట్ హెర్రె అను శాస్త్రజ్ఞుడు ఫిలిప్పీన్ దీవుల చేపను వర్ణించి దీనికి శాస్త్రీయ నామము నిచ్చెను.

ఇంత అందమైన చేప ఇండ్లలోని ఉప్పునీటి తొట్టెలకు వచ్చిన పిమ్మట, చాలకాలము ఆహారము ఎదుట నుండగనే కృశించి చనిపోవుచుండెను. కారణమును గ్రహించుటకు ఆ తొట్టెల చరిత్రను కొంత తెలిసికొనవలెను.

1832లో సిసిలీ ద్వీపమున జాన్ విల్‌ప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత సముద్రజీవులను పరిశీలించుటకు గాజు తొట్టెలను చేయించెను. 1846లో ఆనా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునుండి సజీవమైన పగడములను లండనునకు కొనివచ్చెను. నీటికి గాలి తగులుటకై ఆమె పనికత్తె దినదినము ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రకు పోయుచుండెడిది. నేడు విద్యుత్ పంపు చేయు పనిని నాడు ఆ పనికత్తె చేతులు చేసినవి. ఆమె పేరు మాత్రము చరిత్రలో వినరాదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తన ప్రయోగమును ప్రకటించెను. ఒక పాత్రలో బంగారు చేపలు, నీటి మొక్కలు, నత్తలు ఉండెను. మొక్కలు ప్రాణవాయువు నిచ్చినవి. కుళ్లిన ఆకులను నత్తలు తినివేసినవి. తొట్టి యనగా పాత్ర కాదనియు, పరస్పరము పోషించుకొను ఒక చిన్న లోకమనియు తేలినది. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు మత్స్యశాల వెలసెను.

మంచినీటిలో ఫలించిన ఈ సూత్రము ఉప్పునీటి తొట్టెలలో చాలకాలము మరుగునపడెను. చచ్చిన పగడములను తెల్లగా కడిగి అలంకారముగా పెట్టుట వాడుక యయ్యెను. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ ఒక అమెరికా పత్రికలో వేరొక మార్గమును చూపెను. ఆయన సముద్రమునుండి రాళ్లను వానిపై బ్రదుకు సమస్త జీవులతో తెచ్చి తొట్టిలో నుంచి, కొద్దిపాటి గాలి బుడగలను మాత్రము పంపుచుండెను. ఆ రాళ్లయందలి సూక్ష్మజీవులే నీటిని శుద్ధి చేసెను.

మాండరిన్ చేప ప్రాణమును ఆ రాళ్లలోనే కలదు. అది పగలెల్ల రాతి వెంట మెల్లగా కదలుచు, కోపిపాడ్లను, చిన్న పురుగులను ఒక్కొక్కటిగా ఏరుకొని తినును. కోపిపాడ్లు రొయ్యలకు దూరపు బంధువులైన అతి సూక్ష్మ ప్రాణులు. చల్లిన ఎండుమేతను ఆ చేప సాధారణముగా ఆహారమని గుర్తింపదు. గుర్తించినను చురుకైన ఇతర చేపలు ముందే మ్రింగివేయును. కొత్త తొట్టిలో కోపిపాడ్లు వారములలోనే తరిగిపోవును. చేప తలవెనుక భాగము సన్నగిల్లి, కడుపు లోపలికి పోవును. యజమాని యెంత ప్రేమతో మేత వేసినను ఫలము లేదు.

కావున మేము చెప్పదలచినది ఇది: ఈ చేపను పెంచువారు ముందుగా దాని ఆహారమును పెంచవలెను. సజీవ శిలలతో తొట్టి కనీసము ఆరు మాసములు పండవలెను. దాని ప్రక్కనే నాచు పెరుగు మరియొక చిన్న తొట్టి నమర్చినచో, చేపల బారి లేనందున కోపిపాడ్లు అచ్చట వృద్ధిపొంది, నీటితో పాటు పెద్ద తొట్టిలోనికి వచ్చుచుండును. అదే ఆహారమునకు పోటీపడు చేపలను దానితో చేర్చరాదు. మన కోస్తా హేచరీలలో రొయ్యపిల్లలకు మేపు ఆర్టీమియా పిల్లలు కూడ దీనికి ఉపకరించును. కాని అవి ఉపాహారమే గాని నిత్యాహారము గావు.

ఈ శతాబ్దిలో మాండరిన్ చేపలను మనుష్యులే పొదిగించి పెంచి విక్రయించుట సాధ్యమైనది. అట్టి చేపలు చిన్ననాటనే సిద్ధాహారమునకు అలవాటుపడును గనుక కొనదలచువారు వానినే కోరుట మేలు. అందువలన పగడపు దిబ్బల చేపలు దిబ్బలలోనే మిగులును. అంతటి యేర్పాటు చేయజాలనివారు ఈ చేపను చిత్రములలో చూచి ఆనందించుటయే దానికి చేయగల ఉపకారము.