స్టార్ గుర్తు పెట్టి వెతికితే దొంగ సైట్లన్నీ దొరుకుతాయా?

కొండకు పొయ్యే జనాన్ని నమ్ముకుని బతికే దొంగ సైట్లు మన తిరుపతికి కొత్త కాదు. 2023లో టీటీడీ ఐటీ విభాగం ఫిర్యాదు మీద తిరుమల వన్‌టౌన్ పోలీసులు ఒక నకిలీ సైటు మీద కేసు కట్టినారు. అది 41వది. అప్పటికే 40 సైట్ల మీద కేసు ఉండాది. అప్పట్లో అసలు సైటు పేరు తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. దొంగోళ్ళు చేసిందేందంటే, చుక్కలు ఉండే చోట అడ్డగీతలు పెట్టి, చివర్లో డాట్ ఆర్గ్ తగిలించినారు. ఫోన్లో చిన్న అక్షరాల్లో చూసేవాళ్ళకు ఈ తేడా యాడ తెలస్తాది?

మా పక్కూర్లో నెట్ సెంటర్ నడిపే పిల్లోడు ఒకడు నన్ను అడిగినాడు. "అన్నా, సైట్ల పేర్లన్నీ యాడో ఒక చోట రాసిపెట్టి ఉంటారు కదా. తిరుపతి అని కొట్టి పక్కన స్టార్ పెడితే దొంగవన్నీ ఒక్కసారే బయటపడవా?" నాకు జవాబు తెలీలేదు. కంప్యూటర్ నేను బళ్ళో నేర్చుకున్నది కాదు, ఎవరో ఒకరు అడిగితే కూచోని చదవడమే. ఆ రూలు పుస్తకం తెచ్చుకుని చదివినా.

సైటు పేరు ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఏ కంపెనీ ద్వారా అయింది అని చూపించే పాత పద్ధతి హూయిజ్. 1982 నుంచి ఉండాది. దాని చోట్లోకి వచ్చిందే ఆర్‌డాప్. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి 2025 జనవరి 28 నుంచి హూయిజ్ నడపాలనే నిబంధన పోయి ఆర్‌డాపే గతి అయింది. ఎట్లా అడగాలో చెప్పే రూలు ఆర్‌ఎఫ్‌సీ 9082, 2021 జూన్‌లో వచ్చింది. స్టార్ సంగతంతా దాంట్లోనే ఉండాది.

ఆ రూలు ప్రకారం స్టార్ అంటే 'ఈడ నుంచి తర్వాత ఏమున్నా సరే, ఏమీ లేకపోయినా సరే' అని. అంటే పేరు మొదలు తెలిసుండాల. ఇంగ్లీషు అక్షరాల్లో తిరుపతి అని కొట్టి స్టార్ పెడితే తిరుపతిబాలాజీ వస్తాది. బాలాజీ ముందర స్టార్ పెట్టి, దానికి ముందు ఏమున్నా తెమ్మంటే ఆ రూల్లో దానికి చోటు లేదు. దొంగోడు పేరు ముందర 'బుక్' అనో 'శ్రీ' అనో తగిలిస్తే మన స్టార్‌కు వాడు చిక్కడు. స్టార్ తర్వాత డాట్ కామ్ అని పెట్టి వెతుకులాటను దానికే కట్టేయొచ్చు. అయితే డాట్ ఆర్గ్ లెక్క ఒకరి దగ్గర, డాట్ ఇన్ లెక్క నిక్సీ దగ్గర. ఒకరినడిగితే ఇంకొకరి లెక్క రాదు.

అసలు తిరకాసు తెలుగులో ఉండాది. డాట్ భారత్ కింద తెలుగు లిపిలోనే సైటు పేర్లు పెట్టుకోవచ్చు కదా. ఒక అక్షరానికి ఇంకో గుర్తు కలిసే వీలున్నా మనం ఆ గుర్తు కొట్టకపోతే, ఆ అక్షరం అంతటితో పూర్తయినట్టే లెక్క, గుర్తు కలిసిన రూపాలను వెతకకూడదు అంటాది రూలు. అంటే 'త' కొట్టి స్టార్ పెడితే తలకోన వస్తాది, తిరుపతి రాదు, ఎందుకంటే 'తి'లో గుడి ఉండాది. 'తిరుచ' దగ్గర ఆపితే తిరుచానూరు రాదు, 'తిరుచా' దాకా కొట్టాల. 'చిత్త' అంటే చిత్తూరు రాదు. ఇంగ్లీషోళ్ళకు ఈ బాధ లేదు. గుణింతం ఉన్న మన భాషలన్నిటికీ ఉండాది. పైగా లోపల తెలుగు పేరు ఎక్స్ఎన్ అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారిపోతాది. ఒక్క అక్షరం కలిసినా ఆ గుంపు రూపమే మారొచ్చు, అందుకే ఆ గుంపును సగం కొట్టి స్టార్ పెట్టి వెతకడంలో అర్థం లేదు.

సరే, ఇన్ని తెలుసుకుని అడిగినా సర్వర్ జవాబు ఇయ్యాలని లేదు. ఆ రకం స్టార్ నాకు చేతకాదు అంటే 422 అనే అంకె వస్తాది. ఆ రకం ప్రశ్నే తీసుకోను అంటే 501. ఫలితాలు మరీ ఎక్కువైతే కొన్ని చూపించి మిగతావి కోసేయొచ్చు. పూర్తి పేరు కొడితే జవాబు చెప్పడం తప్పనిసరి, స్టార్ వెతుకులాట మాత్రం వాళ్ళ ఇష్టం. అందుకే 'ఏమీ దొరకలేదు' అని వస్తే 'దొంగ సైటు లేదు' అని చదవొద్దు.

నా కోపం ఈడనే. రిజిస్టర్ చేసినోళ్ళ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు దాచిపెట్టండి, నాకేం అడ్డం లేదు. పేర్ల జాబితా ఏమైనా రహస్యమా? డాట్ కామ్ లాంటి వాటి జాబితాలను ఐకాన్ జోన్ డేటా సర్వీసులో అర్జీ పెట్టి, షరతులు ఒప్పుకున్నోళ్ళు మొత్తంగా దించుకోవచ్చు. అంత పెద్ద ఫైళ్ళను నెమరేసే యంత్రాలు కంపెనీలకు ఉండాయి. నెట్ సెంటర్ పిల్లోడికి అంత బలగం యాడిది? వాడికి సరిపొయ్యేది ఒక్క స్టార్. పేరు మొదలు కొడితే రిజిస్టర్ అయిన పేర్లు, తేదీలు చూపించే వాకిలి జనానికి తెరవాల. నిక్సీ మనది, మన దేశం నుంచే మొదలుపెట్టొచ్చు.

వాకిలి తెరిచినా దొరకని రకం ఒకటుంది. ఏదో పిచ్చి పేరు కొని, దాని ఎడమ పక్కన 'తిరుమల డాట్' అని పెట్టుకునేవాడు. ఆ ముందు ముక్క రిజిస్ట్రీ లెక్కలోకే రాదు. అందుకే పేరును కుడి నుంచి చదవాలని ఆ పిల్లోడికి చెప్పినా. చివర్న గవ్ డాట్ ఇన్ ఉందా? ఆ పేర్లు ఎన్ఐసీ సర్కారు ఆఫీసులకే ఇస్తాది. 2024 జనవరి నుంచి టీటీడీ సైటు టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. అనుమానం వస్తే ఐకాన్ లుకప్ పేజీలో, స్టార్ లేకుండా, పూర్తి పేరు కొట్టి పుట్టిన తేదీ చూడమన్నా. రూము బుకింగ్ సైటు పోయిన వారం పుట్టిందని తేలితే ఇంగేం చూడాల? డబ్బులు అప్పుడే కట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ కొట్టాల.

ఇప్పుడు వాడు ఆ నంబరు, ఆ సైటు పేరు పెద్దక్షరాల్లో రాసి కౌంటర్ మీద అంటించినాడు.