మందుకు లొంగని కలుపు

అమెరికా సంయుక్త రాష్ట్రాల మధ్యభాగంలో, ముఖ్యంగా అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రాలలో, వేసవిలో ఎటు చూచినా రెండే పైర్లు కనిపిస్తాయి. ఒకటి మొక్కజొన్న, రెండవది సోయాచిక్కుడు. ఒక ఏడు మొక్కజొన్న వేసిన చేలో మరుసటి ఏడు సోయా వేస్తారు. సోయా వేళ్ళ బొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి గనుక ఆ ఏడు నత్రజని ఎరువుతో అంతగా పని ఉండదు. ఈ పంటమార్పిడివల్ల పూర్వం మరొక మేలు కూడ ఉండేది. మొక్కజొన్నకు వాడే కలుపుమందు సోయాను చంపుతుంది. కాబట్టి పైరు మారినప్పుడల్లా మందు కూడ మారక తప్పేది కాదు.

కలుపుమందుల యుగం రెండవ ప్రపంచయుద్ధంతో మొదలైనది. మొక్కల పెరుగుదలను నడిపే ఆక్సిన్‌లను పోలిన రసాయనాలను పరీక్షిస్తూ బ్రిటన్, అమెరికా శాస్త్రజ్ఞులు 2,4-డి అనే మందును కనుగొన్నారు. అది 1945లో అమెరికా అంగళ్ళకు వచ్చినది. వెడల్పాటి ఆకుల కలుపు దానికి చస్తుంది. గడ్డిజాతికి చెందిన మొక్కజొన్న నిలుస్తుంది. అంతవరకు పదేపదే సాళ్ళ మధ్య దున్ని కలుపు తీసిన రైతుకు ఇది వరంగానే తోచినది.

డి.డి.టి.కి ఈగలు లొంగకపోవడం అప్పటికే లోకానికి తెలుసు. కలుపు మొక్కల విషయంలోను అట్లే జరుగవచ్చునని ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ హార్పర్ 1956లో హెచ్చరించాడు. మరుసటి సంవత్సరమే 2,4-డికి చావని మొక్కలు హవాయి చెరకు తోటలలోను, కెనడాలోని ఆంటారియో బాటల ప్రక్కన పెరిగే అడవి కారట్‌లోను బయటపడినవి.

కలుపు మందుకు "అలవాటు పడినది" అని సాధారణంగా అంటారు. ఈ మాట సరికాదు. ఏ మొక్కా మందు త్రాగి త్రాగి రాటుదేలదు. లక్షలాది మొక్కలలో ఎక్కడో ఒకదానిలో పుట్టుకతోనే చిన్న మార్పు ఉంటుంది. మందు చల్లినప్పుడు తక్కినవన్నీ చస్తాయి, అది మిగులుతుంది. చుట్టూ పోటీ లేదు కాబట్టి ఏపుగా పెరిగి విత్తనాలు రాలుస్తుంది. అదే మందును ఏటేటా వాడితే కొన్నేళ్ళకు చేనంతా దాని సంతానమే. ఆ మొక్కను ఏరి నిలిపినది రైతు చేతిలోని మందే.

1958లో స్విట్జర్లాండుకు చెందిన గైగీ కంపెనీ అట్రజీన్‌ను విడుదల చేసినది. ఆకులో సూర్యరశ్మి శక్తిని చేరవేసే ఒక ప్రోటీనుకు అంటుకొని ఇది కిరణజన్యసంయోగక్రియను ఆపుతుంది. మొక్కజొన్న మాత్రం దీనిని తనలోనే విరిచి నిర్వీర్యం చేసుకొంటుంది. ఇదే కుటుంబపు మందులను ఏటేటా చల్లిన వాషింగ్టన్ రాష్ట్రపు నర్సరీ ఒకదానిలో 1968లో గ్రౌండ్సెల్ అనే కలుపు చావకుండా నిలిచినది. కారణం 1983లో తోటకూర జాతికి చెందిన ఒక కలుపులో తేలినది. ఆ ప్రోటీనులో 264వ స్థానంలో సెరీన్‌కు బదులు గ్లైసిన్ ఉన్నది. ఇటుక ఒక్కటే మారినది; మందు అంటుకోవడానికి చోటు లేకపోయినది.

అసలు మలుపు గ్లైఫోసేట్‌తో వచ్చినది. మోన్‌శాంటో కంపెనీలో జాన్ ఫ్రాంజ్ 1970లో దీని గుణాన్ని కనుగొన్నాడు. 1974లో అమ్మకానికి వచ్చినది. మొక్కలు కొన్ని అమినో ఆమ్లాలను తయారుచేసుకొనేందుకు అవసరమైన ఒక ఎంజైమును ఇది స్తంభింపజేస్తుంది. పచ్చనిదల్లా చస్తుంది గనుక నిలిచిన పైరుమీద చల్లేందుకు వీలులేదు. అయితే లూసియానా రాష్ట్రంలో ఈ మందును తయారుచేసే కర్మాగారపు వ్యర్థాలలో దీనికి చావని బాక్టీరియా ఒకటి దొరికినది. దాని జన్యువును చొప్పించిన సోయా 1996లోను, మొక్కజొన్న 1998లోను పొలాలకు వచ్చినవి. అంతటితో పైరు మారుతూనే ఉన్నా మందు మారడం మానినది. ఈ ఏడూ గ్లైఫోసేటే, వచ్చే ఏడూ గ్లైఫోసేటే. పేరుకు పంటమార్పిడి, కలుపు కంటికి మాత్రం రెండేళ్ళూ ఒకటే.

ఈ మందుకు కలుపు ఎదురు నిలవడం చాల కష్టమని 1997లో కూడ కంపెనీ శాస్త్రజ్ఞులు వ్రాశారు. ఒక సూక్ష్మజీవి తట్టుకోవడం కళ్ళారా చూచినవారు అట్లా నమ్మడం వింతే. అప్పటికే, 1996లో, ఆస్ట్రేలియాలో రైగ్రాస్ అనే గడ్డి ఎదురు నిలిచి ఉన్నది. 2000లో డెలావేర్ రాష్ట్రపు సోయా చేలలో హార్స్‌వీడ్, 2005లో మిస్సోరీలో వాటర్‌హెంప్ లొంగకుండా పోయినవి.

ఈ వాటర్‌హెంప్ మన తోటకూరకు దగ్గరి చుట్టమే. కాని ఇందులో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. పుప్పొడి గాలిలో తేలి పొరుగు చేలకు కూడ నిరోధశక్తిని మోసుకుపోతుంది. ఒక్క ఆడ మొక్క లక్షల విత్తనాలు రాల్చగలదు. దీని సోదరి పామర్ తోటకూర జార్జియా పత్తి చేలలో ఎట్లా బ్రతికినదో 2010లో తెలిసినది. మందు స్తంభింపజేసే ఎంజైము జన్యువుకు మామూలు మొక్కలో ఉన్నన్ని ప్రతులు కాక, అంతకు అయిదు నుండి నూట అరవై రెట్లకు పైగా ఉన్నవి. ఎంజైము అంత విస్తారంగా తయారైతే మందు దేనికని చాలుతుంది?

జవాబుగా 1960లనాటి పాత మందు డైకంబాను తట్టుకొనే సోయా వచ్చినది. 2017లో ఆ మందు గాలికి కొట్టుకుపోయి, సుమారు 36 లక్షల ఎకరాల ఇతర సోయా దెబ్బతిన్నదని మిస్సోరీ విశ్వవిద్యాలయ అంచనా. ఇల్లినాయ్ పొలాల రికార్డులను పరిశీలించినవారు, ఏటికొక మందు మార్చడంకన్న వేర్వేరు విధాల పనిచేసే మందులను ఒకేసారి కలిపి చల్లడం మేలని చూపారు. ఒకదానికి తప్పిన మొక్క రెండవదానికి చిక్కుతుంది. దీనికీ హద్దు ఉన్నది. అనేక మందులను తనలోనే విరిచివేయగల వాటర్‌హెంప్ ఇల్లినాయ్, అయోవాలలో 2009నాటికే కనబడినది.

అందుచేత రైతుల దృష్టి మందునుండి విత్తనంమీదికి మళ్ళుతున్నది. సోయాకు ముందు రై పైరును దట్టంగా పెంచి నేలమీద పరచితే చిన్న విత్తనాల వాటర్‌హెంప్ మొలకెత్తడానికి వెలుతురు చాలదు. సాళ్ళు దగ్గర చేస్తే పైరు నీడ త్వరగా కమ్ముకొంటుంది. మిగిలినవాటిని విత్తనం ముదరకముందే చేతితో పెరికివేస్తున్నారు. వాటర్‌హెంప్ విత్తనాలలో చాల భాగం నేలలో నాలుగైదేళ్ళకు మించి బ్రతకవు గనుక, ఆ కొద్ది యేళ్ళు కొత్త విత్తనం రాలనీయకుంటే చాలు, చేను తేరుకొంటుంది. ఆస్ట్రేలియా రైతు రే హారింగ్టన్ కోతయంత్రం వెనుక పొట్టుతో పడే కలుపు విత్తనాలను నలగగొట్టే మరను రూపొందించాడు. సోయా కోతనాటికి వాటర్‌హెంప్ విత్తనాలు చాలవరకు మొక్కనే అంటిపెట్టుకొని ఉంటాయి గనుక, అట్టి మరలను అమెరికా సోయా చేలలో కూడ పరీక్షిస్తున్నారు.