టీకాల అంతర్జాతీయ సరఫరా

పేద దేశాల పిల్లలకు టీకాలు కొని, చెడిపోకుండా చేర్చే ఏర్పాటు ఇది. కొనుగోళ్లలో సింహభాగం యునిసెఫ్‌ది. దాని సరఫరా విభాగం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఉంది. నిధుల్లో ముఖ్యపాత్ర 2000లో ఏర్పడిన గావి కూటమిది. టీకాకు ముందుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ముద్ర పడాలి.

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకాకు ఆ ముద్ర 2017 చివర్లో దక్కింది. మందులకు లొంగని టైఫాయిడ్ సింధ్‌ను పట్టి పీడిస్తున్న వేళ, 2019లో పాకిస్తాన్ తన పిల్లలకు వేయించింది ఈ టీకానే. సరిహద్దులు దాటి ప్రాణం కాపాడిన సరఫరా అది.

అసలు కష్టం చివరి మజిలీలో ఉంది. చాలా టీకాలు 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. సీసా మీద వలయం, దాని మధ్య లేతరంగు చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వలయం రంగుకు చేరిందా, సీసా పారేయాల్సిందే. 1996లో పోలియో చుక్కలతో వాడుకలోకి వచ్చిన ఈ గుర్తు ఎంతో మేలు చేసింది.

అయితే టీకా గడ్డకట్టిందో లేదో అది చెప్పలేదు. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ (ఐదు వ్యాధులకు ఒకే టీకా) వంటి టీకాలు గడ్డకడితే కరిగాక కూడా పనికిరావు. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, ఊపినప్పుడు లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే టీకాల పెట్టెలో పెట్టాలి.