బరువు తగ్గించే మందు: దొరికిన కాలము, దొరకని కాలము

విజయవాడ నుండి బందరు పోవు రోడ్డు మీద ఉన్న ఉయ్యూరు చెరకుకు, చక్కెరకు పేరుపడిన ఊరు. కె.సి.పి. వారి మిల్లు అక్కడ ఎనిమిది దశాబ్దములకు పైగా గానుగ ఆడించినది. చక్కెర ఊరిలో చక్కెర వ్యాధికి మందు వెదకుట అనగానే కొందరికి నవ్వు రావచ్చును. కాని మధుమేహమునకు, స్థూలకాయమునకు కారణము చక్కెర ఒక్కటే కాదు గనుక ఆ పరిహాసమును ఇక్కడితో విడిచిపెట్టుదాము.

2025 వేసవిలో ఆ ఊరి మనిషి ఒకడు డాక్టరు చీటీ పట్టుకొని మందుల దుకాణములకు బయలుదేరినాడనుకొందాము. వయస్సు యాభై, బరువు నూరు కిలోలు, దానికి తోడు మధుమేహము. చీటీ వ్రాసినది విజయవాడ సూర్యారావుపేటలోని నిపుణుడు. మందు పేరు టిర్జెపటైడ్. మౌంజారో అను పేరుతో ఆ సంవత్సరము మార్చిలోనే మన దేశములో అమ్మకమునకు వచ్చినది. మొదటి దుకాణదారు చీటీ చూచి, "ఇది మా దగ్గర ఉండదండీ, బెజవాడలో చూడండి" అన్నాడు. రెండవవాడు, "తెప్పిస్తానండీ, కాని ముందుగా డబ్బు కట్టాలి. తెప్పించాక వద్దంటే వెనక్కి తీసుకోరు" అన్నాడు. మూడవవాడు తన రిఫ్రిజిరేటరు తలుపు తెరచి చూపించి, "ఇన్సులిన్ పెట్టుకోవడానికే చోటు చాలటం లేదు బాబాయ్" అన్నాడు.

ఈ ముగ్గురి మాటలలోను అబద్ధము లేదు. చిన్న ఊరి దుకాణములో ఒక మందు ఎందుకు దొరకలేదని వెదకుచు పోయినచో నూట ముప్పది యేండ్ల చరిత్ర బయటపడును. ఆ చరిత్రలో ఒక వింత ఉన్నది. బరువు తగ్గించుటకై పూర్వము సులభముగా దొరికిన మందులు చాలవరకు మనిషిని దెబ్బతీసినవే. ఇన్నాళ్ళకు పరీక్షలకు నిలిచిన మందు వచ్చేసరికి అది దొరకుట కష్టమైనది.

థైరాయిడ్ గ్రంథి రసముతో ఒక జబ్బును నయము చేయవచ్చునని 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే నిరూపించినాడు. ఆ రసము పుచ్చుకొన్నవారు సన్నబడుట చూచి, కొద్ది కాలములోనే స్థూలకాయులకు కూడ దానిని ఇవ్వసాగినారు. గ్రంథి సరిగా పనిచేయుచున్నవానికి అదనముగా ఆ రసము ఇచ్చినచో గుండె దడ, కండరముల క్షీణత కలుగును. తగ్గినది క్రొవ్వు మాత్రమే కాదని తెలియుటకు చాల కాలము పట్టినది.

తరువాతి కథ మరింత భయంకరమైనది. మొదటి ప్రపంచయుద్ధ కాలములో ఫ్రాన్సు దేశపు మందుగుండు కర్మాగారములలో డైనైట్రోఫినాల్ అను పసుపుపచ్చని రసాయనముతో పనిచేసిన కూలీలు చెమటలు క్రక్కి, జ్వరము వచ్చి, బరువు తగ్గినారు. కొందరు చనిపోయినారు. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో టెయింటర్, కటింగ్ అనువారు ఈ పదార్థమునే బరువు తగ్గించుటకు వాడి చూచినారు. బరువు తగ్గినది. ఆపై అది చీటీ లేకుండానే దుకాణములలో అమ్ముడుపోయినది. ఒకటి రెండు సంవత్సరములలోనే లక్షమందికి పైగా దానిని మ్రింగినట్లు అంచనా.

అది పనిచేయు విధము విద్యార్థులు తెలిసికొనదగినది. మన కణములలోని మైటోకాండ్రియాలలో ఆహారము దహనమైనపుడు ఒక పొర వెనుక హైడ్రోజన్ అయానులు నిలువ చేరును. ఆనకట్ట వెనుక కృష్ణ నీరు నిలిచినట్లన్నమాట. ఆ అయానులు నిర్ణీతమైన తూము గుండా మాత్రమే దిగివచ్చి, వచ్చుచు శరీరమునకు కావలసిన శక్తిని ఎ.టి.పి. రూపములో తయారు చేయును. డైనైట్రోఫినాల్ ఆ కట్టకు గండి కొట్టును. నీరు పోవుచునే ఉండును, పని మాత్రము జరుగదు. శక్తి అంతయు వేడిగా మారిపోవును. శరీరము తన క్రొవ్వును కాల్చుకొనును గనుక బరువు తగ్గును. గండి పెద్దదైనచో దేహపు వేడి మితిమీరి మనిషి మరణించును; దీనికి విరుగుడు లేదు. 1935 నాటికి దీనిని వాడిన యువతులకు కంటి శుక్లములు వచ్చుట బయటపడినది. మందు అమ్ముటకు ముందే అది సురక్షితమని రుజువు చూపవలెనని అమెరికా ప్రభుత్వము 1938లో శాసనము చేసినది. దానితో డైనైట్రోఫినాల్ అమ్మకము ఆగిపోయినది.

మన దేశములో 1940 నాటి ఔషధముల చట్టము, 1945 నాటి నియమములు ఉన్నవి. డాక్టరు చీటీ లేనిదే అమ్మరాని మందులు హెచ్ షెడ్యూలులో చేరినవి. ఉయ్యూరు దుకాణదారు చీటీ అడుగుట అతని పెంకితనము కాదు. దాని వెనుక ఇట్టి అనుభవములు ఎన్నో ఉన్నవి.

శాసనములు వచ్చినంతమాత్రాన తప్పులు ఆగలేదు. ఆంఫిటమిన్ మాత్రలు ఆకలిని చంపి, వ్యసనమును అంటించినవి. 1965లో ఐరోపాలో వచ్చిన అమినోరెక్స్ ఊపిరితిత్తుల రక్తనాళములను పాడుచేయుట చేత 1968లో అమ్మకము నుండి తొలగినది. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను దెబ్బతీయుచున్నదని 1997లో తేలినది. భారత ప్రభుత్వము 1998లో దానిని నిషేధించినది. రిమొనబాంట్ మనస్సును క్రుంగదీసినది, దానిపై నిషేధము 2009లో వచ్చినది. సిబుట్రమిన్ గుండెపోటును, పక్షవాతమును పెంచినది, దానిపై నిషేధము 2011లో. ఇందులో చివరిది ఇంకను చావలేదు. "మూలికల మాత్రలు" అని అమ్మిన సరకులో దానిని రహస్యముగా కలుపుట పెక్కు దేశములలో పట్టుబడినది. సులభముగా దొరకు మందును గూర్చి ఇంత సందేహము ఎందుకనువారికి ఈ జాబితాయే సమాధానము.

ఇప్పటి మందు కథ వేరొక దారిన వచ్చినది. దాని మొదలు తెలియవలెనన్న 1922 నాటి టొరంటో నగరమునకు పోవలెను. బాంటింగ్, బెస్ట్, మాక్లియాడ్, కోలిప్ అనువారు పశువుల క్లోమము నుండి ఇన్సులిన్ తీసి, ఆ సంవత్సరము జనవరిలో ఒక 14 సంవత్సరముల బాలునికి ఎక్కించినారు. మృత్యుముఖములో ఉన్నవారు లేచి కూర్చున్నారన్న వార్త వ్యాపించినది. మందు మాత్రము లేదు. ఆ వసంతములో కోలిప్ తాను చేసిన ఇన్సులిన్‌ను తానే మరల చేయలేకపోయినాడు. పెద్ద పాత్రలో చేయబోగా సారము నశించినది. ఎవరికి ఇవ్వవలెను, ఎవరిని కాదనవలెను అను కఠినమైన ప్రశ్న డాక్టర్లకు ఎదురైనది. పేటెంటు హక్కును శోధకులు ఒక్కొక్క డాలరుకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసినారు. విరివిగా తయారు చేయు పనిని అమెరికాలోని ఎలీ లిల్లీ సంస్థ చేపట్టినది. అదే సంవత్సరము డెన్మార్కు శాస్త్రజ్ఞుడు, నోబెల్ బహుమతి గ్రహీత ఆగస్ట్ క్రో టొరంటో వచ్చినాడు. ఆయన భార్య మరీ క్రో స్వయముగా వైద్యురాలు, మధుమేహ రోగి. ఆయన తిరిగి వెళ్ళి ఆరంభింపజేసిన నార్డిస్క్ సంస్థ, తరువాత నోవోతో కలసి నోవో నార్డిస్క్ అయినది. నూరు సంవత్సరముల తరువాత బరువు తగ్గించే మందులకు లోకమంతయు ఎదురుచూచినది ఈ రెండు సంస్థల వైపే.

ఇన్సులిన్‌ను ప్రేరేపించునది రక్తములోని చక్కెర మాత్రమే కాదని క్రమముగా తెలిసినది. చక్కెరను రక్తనాళములోనికి ఎక్కించినపుడు కంటె నోట త్రాగించినపుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరునని 1964లో ప్రయోగములు నిరూపించినవి. అనగా ప్రేగు ఏదో సందేశము పంపుచున్నదన్నమాట. 1982లో హేబనర్ బృందము ఆంగ్లర్ అను సముద్రపు చేపలో గ్లూకగాన్ జన్యువును చదివి, అందులో మరొక హార్మోను దాగియున్నట్లు గుర్తించినది. దాని పేరు గ్లూకగాన్ వంటి పెప్టైడు-1, పొట్టిగా జి.ఎల్.పి.-1. అందులో ఏ భాగము నిజముగా పనిచేయునో నిర్ణయించిన వారిలో ప్రముఖురాలు స్వెత్లానా మోయ్‌సోవ్. ఆమె పేరు చిరకాలము మరుగున పడియున్నది. 2024లో హేబనర్, నూడ్సెన్‌లతో పాటు ఆమెకును లాస్కర్ బహుమతి లభించినది.

ఈ హార్మోను ఇన్సులిన్‌ను పెంచును, జీర్ణాశయము ఖాళీ అగుటను ఆలస్యము చేయును, మెదడుకు "ఇక చాలు" అని తెలుపును. కాని రక్తములో దాని అర్ధాయువు సుమారు రెండు నిమిషములే. ఇరవై నిమిషములలో పది అర్ధాయువులు గడచును. మిగులునది వెయ్యిలో ఒక వంతు. ఇట్టి దానిని మందుగా వాడుట ఎట్లు? సమాధానము అమెరికా ఎడారిలోని ఒక విషపు బల్లి నోటిలో దొరికినది. హీలా మాన్‌స్టర్ అను ఆ బల్లి విషములో జి.ఎల్.పి.-1ను పోలిన, త్వరగా నశించని పదార్థమును జాన్ ఎంగ్ 1992లో ప్రకటించినాడు. దాని నుండి వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అనుమతి లభించినది. నోవో నార్డిస్క్‌లో లోట్టె బ్యెర్రె నూడ్సెన్ బృందము వేరొక ఉపాయము పన్నినది. హార్మోనుకు ఒక క్రొవ్వు ఆమ్లపు తోకను తగిలించినచో అది రక్తములోని ఆల్బుమిన్‌ను పట్టుకొని వ్రేలాడును, త్వరగా నశించదు. అట్లు వచ్చినది లిరాగ్లుటైడ్, రోజుకొక ఇంజెక్షను. అదే దారిని మరింత సవరించగా వచ్చినది సెమాగ్లుటైడ్, వారమునకు ఒకటి చాలును. రెండు నిమిషముల ఆయువు ఏడు రోజులైనది.

1961 మందిపై 68 వారములు జరిగిన పరీక్షలో సెమాగ్లుటైడ్ పుచ్చుకొన్నవారి బరువు సగటున నూటికి 14.9 తగ్గినదని 2021లో ప్రకటించినారు. ఉత్తుత్తి మందు తీసుకొన్నవారికి తగ్గినది 2.4 మాత్రమే. మరుసటి సంవత్సరము లిల్లీ వారి టిర్జెపటైడ్ అత్యధిక మోతాదులో నూటికి 20.9 తగ్గించినది. నూరు కిలోల మనిషి 79కి వచ్చుట అన్నమాట. వికారము, వాంతులు సామాన్యము. అరుదుగా క్లోమపు వాపు, పిత్తాశయములో రాళ్ళు రావచ్చును. కండరము కూడ కొంత పోవును. ఇది వైద్యుని కనుసన్నలలో వాడదగిన మందు.

ఇక కరువు మొదలైనది. అమెరికా ప్రభుత్వపు కొరత జాబితాలో సెమాగ్లుటైడ్ 2022లో చేరి 2025 ఫిబ్రవరి వరకు నిలిచినది. టిర్జెపటైడ్ కూడ 2022 చివరి నుండి 2024 వరకు అందులో ఉన్నది. అసలు పదార్థము కంటె దానిని సూక్ష్మజీవరహితముగా పెన్నులలో నింపు యంత్రములే చాలలేదు. అందుచేత నోవో నార్డిస్క్‌ను నడుపు మాతృసంస్థ 2024లో కాటలెంట్ అను నింపుడు సంస్థను 1650 కోట్ల డాలర్లకు కొన్నది. సన్నబడగోరు ధనికులు ఒక ప్రక్క, చక్కెర అదుపునకు అదే మందుపై ఆధారపడిన రోగులు మరొక ప్రక్క ఒకే వరుసలో నిలబడవలసి వచ్చినది. 2023 జులైలో బ్రిటన్ ఆరోగ్యశాఖ ఈ మందులను మధుమేహ రోగులకే మిగల్చవలెనని వైద్యులను హెచ్చరించవలసి వచ్చినది. కరువులో కల్తీ పుట్టుట సహజము. నకిలీ సెమాగ్లుటైడ్ మూడు దేశములలో పట్టుబడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించినది.

భారతదేశమునకు సెమాగ్లుటైడ్ మాత్రల రూపములో 2022లోనే వచ్చినది. బరువు కొరకు ఉద్దేశించిన ఇంజెక్షనులు 2025లో వచ్చినవి: మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగొవీ. 2025లో వచ్చినపుడు మౌంజారో తొలి మోతాదు బుడ్డి ధర 3500 రూపాయలుగా ఉండెను. వారమునకు ఒకటి చొప్పున నాలుగు వారములకు 14,000. ఉయ్యూరు దుకాణదారు ఈ సొమ్మును ముందుగా పెట్టుబడి పెట్టి, కొనువారు రాక గడువు తీరినచో ఆ నష్టము తానే భరించవలెను. ముందు డబ్బు అడిగినవాడు దురాశాపరుడు కాడు.

ధర దిగుటకు దారి మరల మన హైదరాబాదు నుండియే కనిపించుచున్నది. భారతదేశములో సెమాగ్లుటైడ్ ప్రధాన పేటెంటు గడువు 2026 మార్చి. అంతకు ముందే, పేటెంటు లేని దేశములకు పంపుటకై దీనిని తయారు చేయు హక్కు కొరకు హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ నోవో నార్డిస్క్‌తో వ్యాజ్యమాడి, 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో అనుకూలమైన తీర్పు పొందినది. ఈ ఇద్దరికి పాత పరిచయమున్నది. 1997లో డాక్టర్ రెడ్డీస్ తన ప్రయోగశాలలో కనుగొన్న ఒక మధుమేహ ఔషధపు హక్కులను ఇదే నోవో నార్డిస్క్‌కు ఇచ్చినది. ఆ మందు బజారుకు రాలేదు గాని, తెలుగునాట పుట్టిన అణువు విదేశ సంస్థ చేత పరీక్షకు నోచుకొన్న సందర్భమది.

పేటెంటు తొలగినను మూడవ దుకాణదారు మాట మిగిలియుండును. ఈ మందులు పెప్టైడులు. వీటిని 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను, గడ్డకట్టినచో పారవేయవలసినదే. మౌంజారోను రిఫ్రిజిరేటరు వెలుపల 30 డిగ్రీలకు మించని చోట 21 రోజులు మాత్రము ఉంచవచ్చును. రోహిణి కార్తెలో కృష్ణాజిల్లా ఎండ 40 డిగ్రీలు దాటును. కర్మాగారము నుండి విజయవాడ టోకు వ్యాపారి వరకు చల్లదనము తెగకుండ వచ్చిన బుడ్డి, అక్కడి నుండి ఉయ్యూరు వచ్చు ముప్పది కిలోమీటర్లలోనో, దుకాణములో కరెంటు పోయిన మధ్యాహ్నముననో చెడిపోవచ్చును. చెడిన మందు కొన్నిసార్లు చూపునకు మంచిదానివలెనే ఉండును.

మన ఉయ్యూరు మనిషి చివరకు విజయవాడ బస్సెక్కి, మందు కొని, మంచుగడ్డ సంచిలో పెట్టుకొని ఇల్లు చేరినాడనుకొందాము. చీటీ వ్రాసిన డాక్టరు అతనికి చెప్పియుండవలసిన సంగతి మరొకటి ఉన్నది. సెమాగ్లుటైడ్ పరీక్షలో పాల్గొన్నవారు మందు మానిన సంవత్సరములోగా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పొందినారు. నాలుగు వారములకు సంచిలోని బుడ్లు అయిపోవును. అప్పుడు అతడు మరల ఆ చీటీ తీసి, మొదటి దుకాణము మెట్లు ఎక్కవలెను.