వ్రేలి కీళ్ళకు కాలపరీక్ష



తుంటికిని మోకాలికిని కృత్రిమపు కీలు వేయుట నేడు మన పట్టణములలోను జరుగుచున్నది గావున దానిని మీరెల్లరు వినియే యుందురు. చేతివ్రేళ్ళకును అట్టి మాఱుకీళ్ళు కలవను సంగతి అంతగా ప్రచారములో లేదు. ఆ చికిత్సయొక్క చరిత్రను నేడు మనవి చేయదలచితిని. దాని ఫలమును కట్టు విప్పిన దినమున గాక, పదునైదేండ్ల పిమ్మట లెక్కింపవలెనని నా అభిప్రాయము.

రుమటాయిడు కీళ్ళవాతమను వ్యాధిలో శరీరపు రక్షణశక్తియే కీళ్ళలోని పలుచని పొరపై తిరుగబడును. ఆ పొర ఉబ్బి, ఎముకల కొనలనుండు మృదులాస్థిని తినివేయును. కీలును పట్టియుంచు బంధనములు సాగిపోవును. వ్రేళ్ళు మొదటి కణుపులకడ జారి, చిటికెనవ్రేలి వైపునకు ఒరగును. అన్నము కలుపుకొనుట, పలుపుముడి విప్పుట, సంతకము చేయుట సయితము కష్టమగును.

1959లో బ్రానన్, క్లైన్ అను అమెరికా వైద్యులు వ్రేలి కీలునకు మాఱుగా లోహపు మడతబందు నమర్చిన తమ అనుభవమును ప్రకటించిరి. 1961లో ఎడ్రియన్ ఫ్లాట్ అను వైద్యుడు మఱియొక తీరు బందును వెల్లడించెను. మెత్తని కఱ్ఱకు ఇనుపబందు బిగించిన నేమగునో మీరెఱుగుదురు. బందు చెడదు, మేకుచోటు వదులై తలుపు జారును. వ్రేళ్ళలోను అట్లే జరిగెను. ఎముక క్షీణించి, లోహపు కాడలు లోనికి దిగబడెను. తన పదునాలుగేండ్ల అనుభవమును ఫ్లాట్ 1972లో సహచరునితో కలిసి తానే ప్రకటించెను. తాను చేసిన పనిని అంతకాలము వెంబడించి చూచుట వైద్యునకు భూషణము.

అదే కాలమున మిషిగను రాష్ట్రములోని గ్రాండ్ ర్యాపిడ్సు నగరమున ఆల్ఫ్రెడ్ స్వాన్సను అను వైద్యుడు వేఱుదారి త్రొక్కెను. అతడు సిలికోను రబ్బరుతో, నడుమ వంగునట్టి యొక ముక్కను చేసెను. దాని రెండు కాడలు ఎముకల బోలులో నుండునే గాని, ఎముకకు అంటింపబడవు. ఆ ముక్క ఎముకల నడుమ ఎడము నిలుపగా, శరీరమే దాని చుట్టును గట్టిపొర నల్లుకొనును. వ్రేలికి నిలుకడ నిచ్చునది చాలవఱకు ఆ పొరయే.

ఇక కాలము చెప్పిన తీర్పు వినుడు. ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రివారు 1,336 సిలికోను కీళ్ళను పరిశీలించి 2004లో ఫలితములు ప్రకటించిరి. 17 ఏండ్ల నాటికి నూటికి 63 నిలిచినవని లెక్క తేలెను. అయినను ఎక్స్‌రే చిత్రములలో మూడింట రెండువంతులు విఱిగి కానవచ్చెను. విఱిగిన ప్రతి కీలును మార్చవలసిన యవసరము రాలేదన్నమాట. ఇందులకు కారణము పైని చెప్పిన పొర. కాని అంతటితో సంతోషింపరాదు. 2003లో అమెరికాలో వెలువడిన పరిశీలనలో, సగటున 14 ఏండ్ల పిమ్మట, నూటికి 38 చేతుల విషయముననే రోగులు తృప్తి తెలిపిరి.

1979 మొదలు వాడుకలోనికి వచ్చిన పైరోకార్బను అను గట్టి బొగ్గుపదార్థపు కీళ్ళలో, పదేండ్ల పిమ్మట నూటికి 81 నిలిచినవని 1999లో ప్రకటితమయ్యెను. అమెరికా, ఇంగ్లండు దేశములలో జరిగి, 2009 మొదలు వెలువడిన మఱియొక పరిశీలనలో, సిలికోను కీళ్ళు వేయించుకొన్నవారి వ్రేళ్ళు చక్కనై, చేతిపని మెఱుగుపడెను; పిడికిటి బలము మాత్రము పెరుగలేదు. కావున బరువులెత్తు బలమును కోరి ఈ చికిత్సకు పోరాదు. వ్రేళ్ళ వంకర తీరుట, నొప్పి తగ్గుట, చిన్న పనులు సాగుట అను వీనినే కోరవలెను.

ఈ కథలో మనవాడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు పరిశోధన నడపిరి. ఆ బృందమునుండి వెలువడిన మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. అది తొలుత రక్తపు క్యాన్సరు వంటి వ్యాధులకు వాడుకకు వచ్చెను. 1948లో ఆయన గతించిరి. నలువదియేండ్లకు, 1988లో, అమెరికా ప్రభుత్వము దానిని ఈ కీళ్ళవాతమునకు అంగీకరించెను. అట్టి మందులను సకాలమున వాడినవారికి వ్రేళ్ళు వంకరపోవుట తగ్గినది. మాఱుకీళ్ళ అవసరమును పెక్కుదేశములలో తగ్గినది. ఈ మందు కీళ్ళవాతమునకు వారమున కొక్కమారే, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినది. ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము.

మీ యింట నెవరికైన తెల్లవారుజామున వ్రేళ్ళు బిగిసి, గంటసేపటికిని సడలకున్న, కణుపులు వాచియున్న, ముసలితనమని ఊరకుండక వెంటనే వైద్యునికి చూపుడు. మాఱుకీలు తప్పనిసరియైనచో, అది ఎన్నాళ్ళు నిలుచునో, విఱిగిన నేమి చేయుదురో ముందుగా అడుగుడు. అట్లడుగుటకు సంకోచింపవలదు.