అవాంఛిత ఈ-మెయిల్, స్పామ్ ఫిల్టర్లు: ఒక చారిత్రక పరిశీలన

పరిచయం

పరీక్షలకు సంబంధించిన ఈ-మెయిల్ ఒకటి మీకు రావలసి ఉందనుకోండి. అది కనిపించకపోతే, ఇంకా పంపలేదనే మీరు అనుకుంటారు. కాని అది మీ స్పామ్ ఫోల్డరులో పడి ఉండవచ్చు. అంటే, మీరు చూడకముందే మీ ఉత్తరం గురించి ఒక యంత్రం నిర్ణయం తీసుకుంది. ఆ అధికారం యంత్రానికి ఎలా వచ్చిందో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుంటారు.

1. నమ్మకం మీద నడిచిన కాలం

1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే సందేశం పంపాడు. ఆర్పానెట్ అమెరికా రక్షణ శాఖ నిధులతో నడిచిన నెట్‌వర్క్. వ్యాపార ప్రకటనలకు అక్కడ అనుమతి లేదు. నిర్వాహకులు గట్టిగా మందలించారు. వాడేవారు కొద్దిమందే కాబట్టి అప్పటికి మందలింపు సరిపోయింది.

1982లో జోనథన్ పోస్టెల్ రూపొందించిన ఎస్.ఎం.టి.పి. అనే ఈ-మెయిల్ నియమావళి కూడా ఇటువంటి నమ్మకంతోనే తయారైంది. పంపినవారి చిరునామాగా ఏది రాసినా, అది నిజమో కాదో సరిచూసే ఏర్పాటు అందులో లేదు.

ఖర్చు విషయాన్ని కూడా గమనించండి. స్టాంపు అంటించని బేరింగ్ ఉత్తరానికి అందుకున్నవారే రుసుము కట్టాలి. ఇష్టం లేకపోతే దాన్ని తిప్పి పంపవచ్చు. అవాంఛిత ఈ-మెయిల్ తిప్పి పంపే వీలులేని బేరింగ్ ఉత్తరం వంటిది. లక్ష మందికి పంపినా పంపినవారికి అయ్యే ఖర్చు స్వల్పం. సర్వర్ల భారం, చదివేవారి కాలవ్యయం మాత్రం అవతలివారివి.

2. మందలింపు చాలని దశ

1994 ఏప్రిల్ 12న అమెరికాలోని అరిజోనాకు చెందిన న్యాయవాద దంపతులు లారెన్స్ క్యాంటర్, మార్తా సీగెల్ గ్రీన్ కార్డు లాటరీ ప్రకటనను యూజ్‌నెట్‌లోని వేలాది చర్చా బృందాలలో ఒకేసారి పెట్టారు. నిరసనలు వెల్లువెత్తినా వారు వెనక్కి తగ్గలేదు. సిగ్గుపడనివారిని సామాజిక మర్యాద ఆపలేదని దీనితో స్పష్టమైంది. ఇటువంటి సందేశాలకు ‘స్పామ్’ అనే పేరు ఈ కాలంలోనే వ్యాప్తిలోకి వచ్చింది. అది నిజానికి ఒక డబ్బా మాంసం పేరు. ఆ మాటను అదేపనిగా వల్లించే 1970 నాటి ఒక బ్రిటిష్ హాస్య నాటిక నుంచి దానికి ఈ అర్థం వచ్చింది.

3. వడపోత: జాబితా నుంచి గణితం వరకు

1997లో పాల్ విక్సీ, స్పామ్‌కు తోడ్పడే సర్వర్ల చిరునామాలతో ఒక నిషేధ జాబితాను నిర్వహించడం ప్రారంభించాడు. దీనిలో ఒక చిక్కు ఉంది. ఒక సర్వరును నిషేధిస్తే, దాన్ని వాడే నిర్దోషుల ఉత్తరాలు కూడా ఆగిపోతాయి.

2002లో పాల్ గ్రాహం మరో మార్గాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సుమారు 4,000 స్పామ్ ఉత్తరాలు, 4,000 మంచి ఉత్తరాలు తీసుకుని, ఏ పదం ఎందులో ఎక్కువగా వస్తుందో లెక్కించాడు. కొత్త ఉత్తరంలోని పదాలనుబట్టి అది స్పామ్ అయ్యే సంభావ్యతను గణించాడు. దీనికి ఆధారం 18వ శతాబ్దపు ఆంగ్లేయుడు థామస్ బేయస్ సిద్ధాంతం. మంచి ఉత్తరాలలో కనిపించిన పదాల సంఖ్యను గ్రాహం కావాలనే రెట్టింపు చేశాడు. ఎందుకు? పది స్పామ్‌లు లోపలికి వస్తే చెరిపివేయవచ్చు. అవసరమైన ఒక్క ఉత్తరం పోతే, పోయిందని కూడా మనకు తెలియదు.

తరువాత పంపినవారి గుర్తింపును నిర్ధారించే ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. పద్ధతులు వచ్చాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి సందేశాలు పంపేవారు వీటిని పాటించాలని 2024లో నిబంధన వచ్చింది. 1982లో వదిలివేసిన తనిఖీ ఈ విధంగా నలభై ఏళ్లకు తప్పనిసరి అయింది.

4. చట్టం కూడా ఒక వడపోతే

అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం, అందుకున్నవారు వద్దనేవరకు వాణిజ్య సందేశాలు పంపవచ్చు. ఐరోపా సమాఖ్య 2002 ఆదేశం ప్రకారం సాధారణంగా ముందే అనుమతి పొందాలి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేర్చిన 66ఎ సెక్షన్, చిరాకు లేదా అసౌకర్యం కలిగించే ఉద్దేశంతో పంపే ఈ-మెయిళ్లను కూడా నేరంగా పరిగణించింది. ఆ మాటలకు స్పష్టమైన హద్దు లేకపోవడంతో సామాజిక మాధ్యమాలలో అభిప్రాయాలు రాసినవారు సైతం అరెస్టయ్యారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. జల్లెడ కన్నాలు మరీ చిన్నవైతే తవుడుతోపాటు పిండి కూడా పైనే నిలిచిపోతుంది.

సారాంశం

ఏ ఉత్తరం అవసరమైనదో నిర్ణయించే పని మొదట పంపేవారి మర్యాదకు, తరువాత నిషేధ జాబితాలకు, ఆపైన గణితానికి, గుర్తింపు తనిఖీలకు చేరింది. అయినా మీ పాత్ర ముగియలేదు. స్పామ్ ఫోల్డరును అప్పుడప్పుడు చూడండి. మంచి ఉత్తరం కనిపిస్తే ‘స్పామ్ కాదు’ అని గుర్తించండి. మీ తీర్పునుంచే ఫిల్టర్ నేర్చుకుంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1978లో సరిపోయిన మందలింపు 1994లో ఎందుకు సరిపోలేదు?
2. స్పామ్ లోపలికి రావడం, మంచి ఉత్తరం ఆగిపోవడం: వీటిలో ఏది పెద్ద నష్టం? కారణాలు రాయండి.